గాజులాటతో పాలమూరు దారిలో

ఆడవాళ్ళ మనసు తెలిసిన మనిషినని ఆఫీసులో నాకు పేరు. ఇంట్లో ఆ పేరు లేదు. ఇంట్లో ఉన్న పేరు వేరే, అది ఇక్కడ రాయను.

ఫోన్లో ఆడుకునే చిన్న చిన్న ఆటలు తయారుచేయడం నా ఉద్యోగం. పప్పు ఉడికేలోపు, బస్సు వచ్చేలోపు ఆడి పక్కన పెట్టేసేవి. ఈసారి ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమే ఒకటి చేయమన్నారు. ఐదుగురం కూర్చున్నాం. ఐదుగురమూ మగవాళ్ళమే. ఆడవాళ్ళకు ఏమిటిష్టం అని బోర్డు మీద రాసుకుంటే ముందు గులాబీ రంగు వచ్చింది, తర్వాత వంట వచ్చింది, ఆ తర్వాత గాజులు వచ్చాయి. అలా పుట్టింది మా 'గాజుల గలగల'.

ఆట చాలా తేలిక. తెర మీద నాలుగు కర్రలుంటాయి, గాజుల దుకాణంలో ఉండేలాంటివి. పైనుంచి రంగురంగుల గాజులు ఒక్కొక్కటే దిగుతుంటాయి. దాన్ని ఏ కర్రకు వేయాలో వేలితో చూపాలి. ఒకే రంగువి మూడు ఒకదాని మీద ఒకటి పడితే ఛళ్ళున పగిలి మాయమవుతాయి, పాయింట్లు వస్తాయి. పగలకుండా కర్రలు నాలుగూ నిండిపోతే ఓడినట్టు. ఆ పగిలే చప్పుడంటే మాకెంత గర్వమో! మా సౌండు ఇంజనీరు వంశీ లాడ్ బజార్ నుంచి నిజం గాజులు తెచ్చి, ఆఫీసు బాత్రూంలో రోజంతా పగలగొట్టి రికార్డు చేశాడు.

ఇది చదువుతున్న ఆడవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వండి. మీకు ఒక్క పేరాలో తెలిసింది నాకు తెలియడానికి మూడు ఊళ్ళు పట్టింది.

ఆట బయటికొచ్చింది. ఆడవాళ్ళు ఫోన్లలోకి దించుకున్నారు, కాసేపు ఆడారు, తీసేశారు. మేనేజరు నన్ను పిలిచి, "ఎందుకు తీసేస్తున్నారో తెలుసుకుని రా. తెలియకపోతే నెలాఖరుకు ఆట మూసేద్దాం. ఆట లేకపోతే ఐదుగురెందుకు?" అన్నాడు. వంశీకి అప్పుడే పెళ్ళి కుదిరింది, ఉద్యోగం చూసే పిల్లనిచ్చారు. అతను నా వైపు చూసిన చూపు దారి పొడవునా నా వెంటే వచ్చింది.

ఇంటికొచ్చి మాట్లాడండి అని ఒప్పుకున్నవాళ్ళు గద్వాలలో ఒకరు, వనపర్తిలో ఒకరు, నాగర్‌కర్నూలు పక్క కోడేరులో ఒకరు తేలారు. కోడేరు మనిషి మా ఆఫీసులో ప్రసిద్ధురాలు. అందరూ తీసేసిన ఆటను ఆమె మాత్రం రోజూ ఆడుతుంది, రోజూ ఓడుతుంది. ఒక్క గాజు పగలగొట్టిన పాపాన పోలేదు. మొదటి మెట్టు దాటలేదు. మావాళ్ళు ఆమెకు 'ఒకటో తరగతి' అని పేరు పెట్టారు.

బయలుదేరే ముందు మా ఆవిడ సుధకు ఫోన్ ఇచ్చి "ఎలా ఉంది? బావుందా?" అని అడిగాను. ఒక్క నిమిషం ఆడి, "బావుంది" అని తిరిగిచ్చేసి కూర కలపడానికి వెళ్ళిపోయింది. చూశారా, మా ఆవిడకే నచ్చింది అనుకుంటూ, కానుకలుగా పంచడానికి 'క్వీన్' అని రాసిన గులాబీ రంగు టీషర్టుల సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను.

బీచుపల్లి

జడ్చర్లలో ఒక పెద్దావిడ నా పక్క సీట్లోకొచ్చింది. ఒళ్ళో తమలపాకుల దండ, కొబ్బరికాయలు. శనివారం కదా, బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కు. ఎక్కిన కాసేపటికే ఉడకబెట్టిన పల్లికాయలు నా చేతిలో పోసి, ఏ ఊరు, ఎందరు పిల్లలు, జీతమెంత అని వరసగా అడిగేసింది. మాది కాకినాడ వైపు. మా వైపు జీతం సంగతి మూడో ప్రశ్నగా రాదు, ఏడో ప్రశ్నగా వస్తుంది. అంతే తేడా.

అవకాశం దొరికింది కదా అని ఫోన్ తీశాను. "అమ్మా, ఇది ఒకసారి ఆడి చూస్తారా?"

"నాకేం వస్తది బిడ్డా గవన్నీ?" అంటూనే తీసుకుంది. తీసుకున్నాక ఆమె వేలు చకచకా నడిచింది. ఎర్రగాజు మీద ఎర్రగాజు, దాని మీద ఇంకో ఎర్రగాజు. ఛళ్!

ఆవిడ ఉలిక్కిపడింది. "అయ్యో! శనివారం పూట గిదేం ఆట బిడ్డా?" అని ఫోన్ నా ఒళ్ళో పడేసి, తన చేతి గాజులు కళ్ళకద్దుకుంది. తర్వాత దిగేదాకా నాతో మాట్లాడలేదు. పల్లికాయలు కూడా ఆగిపోయాయి.

బస్సు వంతెన దాటాక ఆగింది. ఆవిడ గుడి వైపు వెళ్ళిపోయింది. నేను బడ్డీకొట్టు దగ్గర బొటనవేలంత గ్లాసులో టీ తాగుతూ బండల మధ్య పారే కృష్ణను చూస్తూ మావాళ్ళకు మెసేజ్ పెట్టాను: 'ముఖ్యమైన సంగతి తెలిసింది. శనివారం ఆడరు.' వంశీ వెంటనే బొటనవేలి బొమ్మ పంపాడు. శనివారాలు చప్పుడు మానేసి శ్లోకం పెడదామా అని కూడా అడిగాడు. ఆలోచిద్దామన్నాను.

గద్వాల

గద్వాలలో పొద్దున్నే ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాను. మరమరాలు నానబెట్టి పోపు వేసిన వంటకం. ముప్పై రూపాయలకు ప్లేటు నిండా పెట్టారు. మా వైపు మరమరాలు సాయంత్రం పూట పిల్లల చేతిలో పోసే తిండి, దాంతో పొద్దున కడుపు నిండుతుందని ఎవరూ ఒప్పుకోరు. నేను బజ్జీని తేలిగ్గా తీసుకున్నాను. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే హోటలాయన, "ఆంధ్రోళ్ళు కారం తింటరంటరు గద సారు?" అని పక్క బెంచీవాళ్ళతో కలిసి నవ్వాడు. కోస్తా పరువు అక్కడ తీసి వచ్చాను.

నేను కలవాల్సింది మమతను. చీరలు నేసే ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. ఇంట్లోకి అడుగు పెడితే ఎదురుగా మగ్గం, మగ్గం గుంటలో మమత భర్త. అత్తగారు గౌరమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, మాటల్లో కన్నడం తొంగిచూస్తుంది.

ముందుగా టీషర్టు ఇచ్చాను. గౌరమ్మ దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "పాలిస్టర్" అని ఒక్క మాట అని కొడుకు మీదికి విసిరింది. ఆ అబ్బాయి తలెత్తకుండానే అందుకుని దాంతో మగ్గం మీది దుమ్ము తుడిచాడు.

మమత చాప మీద కూర్చుని ఆట మొదలుపెట్టింది. ఆమె చేతులకు మోచేతి దాకా పెళ్ళిగాజులు. నేను ఒక వైపు నుంచి చూస్తున్నాను, గౌరమ్మ ఇంకో వైపు నుంచి చూస్తోంది. మూడు ఆకుపచ్చవి కలిశాయి. ఛళ్!

"బ్యాడ బ్యాడ! బంద్ చెయ్యవ్వా!" గౌరమ్మ రాట్నం వదిలేసి వచ్చింది. "పెండ్లి గాజులు చేతులకే ఉన్నయి, ఇంట్ల గీ సప్పుడేంది? సారు, నీ ఆట నువ్వు తీస్కపో."

మమత తల వంచుకుని ఫోన్ ఇచ్చేసింది. ఆ పిల్ల ముఖం చూశాను. పాపం, అత్తగారు ఆడుకోనివ్వడం లేదు! ఆడవాళ్ళ మనసు తెలిసిన వాణ్ణి కదా, ఇట్టే పట్టేశాను. మావాళ్ళకు రెండో మెసేజ్ పెట్టాను: 'అసలు కారణం అత్తగార్లు. తెర మీద ఒక బటన్ పెడదాం. నొక్కితే ఆట పోయి పంచాంగం కనిపించాలి.'

గౌరమ్మ అన్న ప్రతి మాటా విన్నాను. పెండ్లి గాజులు అంది, చప్పుడు అంది. అయినా నా చెవికి పంచాంగమే వినిపించింది. ఇంతకన్నా చెవిటివాణ్ణి మీరు చూసి ఉండరు.

సంచి సర్దుకుని, "సరేనండి, ఇక వెళ్తాను" అన్నాను.

"ఏందీ? పోతనంటవేంది?" గౌరమ్మ గుమ్మంలో నిలబెట్టేసింది. "కూసో. మజ్జిగ తాగు."

తాగాను. గ్లాసు తీసుకుని, "ఆఁ, ఇప్పుడు పోయొస్త అను" అంది.

"పోయొస్తానండి" అన్నాను. ఇది కొత్త సంగతేం కాదు. మా ఇంట్లో 'వెళ్తాను' అంటే నాయనమ్మ నెత్తిన మొట్టేది. ఆవిడ ఉండగా మా ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోలేదు, నిండుకున్నాయి. దీపం ఆరలేదు, కొండెక్కింది. ఇవన్నీ వింటూ పెరిగినవాణ్ణి నేను. మా ఆట మూసేటప్పుడు తెర మీద పడే మాట ఏమిటో తెలుసా? 'నిష్క్రమించు.' అదీ నేనే రాశాను. వనపర్తి బస్సులో ఆ మాట గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. కొంచెమే. అసలు సిగ్గు ముందుంది.

వనపర్తి

వనపర్తిలో మాకు ఫోన్ నంబరిచ్చిన షహనాజ్‌ది గాజుల దుకాణం. ఇది తెలిసి నేను పొంగిపోయాను. గాజులమ్మే మనిషికి గాజుల ఆట నచ్చక ఏమవుతుంది?

ఇరుకు దుకాణం. మూడు గోడలకూ గాజులే. ఒక తల్లి, పెళ్ళి కుదిరిన కూతురూ కూర్చుని ఉన్నారు. షహనాజ్ ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు దగ్గరగా నొక్కి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించేస్తోంది. ఆ పిల్లకు ఎప్పుడు ఎక్కిందో కూడా తెలియడం లేదు.

"జర ఆగు సారు, గీ బిడ్డ పని అయిపోనీ. గట్ల నిలవడు" అంది నన్ను చూసి.

గట్ల నిలబడ్డాను. నిలబడినవాణ్ణి ఊరికే ఉండక, గోడకున్న గాజుల వరసలు మా కర్రలకన్నా ఎంత అందంగా ఉన్నాయో ఫోటో తీద్దామని వెనక్కి తిరిగాను. నాతోపాటు నా భుజాన ఉన్న టీషర్టుల సంచి కూడా తిరిగింది. కౌంటరు మీద నిలబెట్టిన కర్ర ఒకటి పక్కకొరిగింది. ఒరిగి, కాసేపు ఆలోచించి, నిండుగా ఉన్న గాజులతో సహా కింద పడింది.

ఛళ్!

ఆ చప్పుడు నేను ఎక్కడ విన్నా గుర్తుపడతాను. అచ్చం అదే. వంశీ ఎంత బాగా రికార్డు చేశాడో అప్పుడు తెలిసింది.

పెళ్ళికూతురు చెయ్యి వెనక్కి లాక్కుంది. తల్లి ముఖంలో రంగు లేదు. నేను కంగారులో, "అయ్యో, పగిలిపోయాయండి! అన్నీ పగిలిపోయాయి!" అని అరిచాను.

"ఏయ్, గట్లనకు!" అందా తల్లి. నేల వైపు చూస్తూ గబగబా, "పెరిగినయ్, పెరిగినయ్. గాజులు పెరిగినయ్" అని మంత్రం చదివినట్టు చదివింది. షహనాజ్ కూడా, "ఔను అక్కా, పెరిగినయ్. ఏం గాదు, పరేషాన్ గాకు" అంటూ అందుకుంది. పిల్ల చేతికి ఇంకో రెండు ఎర్రగాజులు ఊరికే ఎక్కించి, నవ్వించి పంపేదాకా ఆమె నా వైపు చూడలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతున్నాను. మా నాయనమ్మా అదే మాట అనేది. గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి. చేతి గాజులు ఎప్పుడు పగలగొడతారో నాకు తెలియదా? తాతయ్య పోయిన పదోరోజు నాయనమ్మను కూర్చోబెట్టిన గది బయటే ఉన్నాను. లోపలి నుంచి వచ్చిన చప్పుడు విని చెవులు మూసుకున్నాను. ఆ చప్పుడునే బాత్రూంలో కూర్చుని రికార్డు చేయించి, పాయింట్లిచ్చి, గులాబీ రంగేసి ఆడవాళ్ళ చేతిలో పెట్టాను. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. వేలు తెగి నెత్తురొచ్చింది. అది కూడా చాలదనిపించింది.

"షహనాజ్ గారూ, మీరు మా ఆట ఎందుకు తీసేశారు?" అని కింద కూర్చునే అడిగాను.

"ఇంక గూడ తెల్వదా?" అంది, ముక్కలు ఎత్తడానికి అట్టముక్క అందిస్తూ. "నా దుకాణంల, నా ఫోన్ల గాజులు పగులుతుంటే గిరాకి నిలుస్తదా సారు? నాకు మీ పట్టింపులు లేవు. బేరం ఉన్నది."

పడిన గాజులకు ఎంతివ్వాలో అడిగితే చెప్పలేదు. బలవంతం చేస్తే నా సంచిలోని టీషర్టులన్నీ తీసుకుంది. గాజులు పొట్లాలు కట్టడానికి మెత్తగా ఉంటాయట. ఆ టీషర్టులు ఒక పనికొచ్చాయని విన్నది అదొక్కసారే.

కోడేరు

ఇక వెనక్కి పోదామనుకున్నాను. కారణం తెలిసింది కదా. కానీ తెలిసినదానికి మందు లేదు. గాజులు పగలకపోతే ఆట ఏముంది? కర్రలు నిండిపోతాయి, ఆడేవాళ్ళు ఓడిపోతారు. ఓడిపోయే ఆటను ఎవరాడతారు?

ఒకటో తరగతి ఆడుతుంది. ఆ సంగతి వనపర్తి బస్టాండులో తట్టింది. నాగర్‌కర్నూలు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో కోడేరు.

ఆమె పేరు చెన్నమ్మ. కౌలుకు పల్లి చేను వేసింది. నేను వెళ్ళేసరికి పీకిన పల్లి చెట్లు కుప్పపోసి, వేపచెట్టు నీడన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కాయలు తెంపుతోంది. కూతురు స్వప్న పక్కనే ఉంది. మాకు ఫోన్ నంబరు పంపింది ఆ పిల్లే.

"ఆట సారు వచ్చిండే!" అంది చెన్నమ్మ చేతులు దులుపుకుంటూ. "ముందు రొట్టె తిను."

జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. పుంటికూర అంటే మా గోంగూరే. మా వైపు దాన్ని ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకుంటాం. ఆ ముక్క చెప్తే చెన్నమ్మ, "తల్లిని నూరుక తింటరా?" అంది. ఆడవాళ్ళు పల్లికాయలు వదిలేసి నవ్వారు.

సరిగ్గా అప్పుడే వంశీ ఫోన్ చేశాడు. చెయ్యంతా పప్పు కావడంతో స్పీకర్ నొక్కాను. అంతకన్నా తెలివితక్కువ పని ఆ యాత్రలో చేయలేదు. "అన్నా, ఒకటో తరగతి దొరికిందా?" అని వాడి గొంతు చేనంతా వినిపించింది.

"ఒకటో తరగతి ఎవలు సారు?" అంది చెన్నమ్మ.

పప్పు చేత్తోనే ఫోన్ ఆపేశాను. "నేనేనండి. ఆఫీసులో నన్ను అలా పిలుస్తారు" అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి మీదికి చూసింది. "అట్లనా" అని ఇంకో రొట్టె వేసింది.

తిన్నాక చేతులు కడుక్కుని ఆట తెరిచింది. నేను పక్కన కూర్చున్నాను. ఎర్రది వచ్చింది, మొదటి కర్రకు వేసింది. ఆకుపచ్చది దాని మీద వేసింది. మళ్ళీ ఎర్రది. ఇంకో ఎర్రది వస్తే రెండో కర్రకు పంపింది. ఒకే రంగువి మూడు కాదు కదా, రెండు కూడా కలవనివ్వడం లేదు. తెంపేవాళ్ళిద్దరూ మెడలు చాచి, "గా పచ్చది గిటు పెట్టక్కా", "అయ్యో, పసుపుది ఎట్లొచ్చె సూడు" అంటున్నారు. నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. నా ఆటను అంత ఇష్టంగా చూడటం నాకదే మొదలు.

"ఇలా ఎందుకు పెడుతున్నారు?" అని అడిగాను.

"గివి రెండు నా చేతులు సారు" అంది, మొదటి రెండు కర్రలూ చూపించి. "గివి రెండు నా బిడ్డయి. ఒక్కతీరుగ తొడగాలె గద? మూడు కలిస్తే పోతయని మొదటి దినమే తెలిసింది. కలువనియ్య. మేము ముగ్గురం పందెం పెట్టుకుంటం, ఎవలయి నిండుగైతయో అని."

నాలుగు కర్రలూ నిండాయి. ఎర్రది, పచ్చది, ఎర్రది, పచ్చది, అంచుల్లో పసుపు. నిజంగా పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. వెంటనే తెరంతా నల్లబడి ఏడుపు సంగీతం మోగింది. 'మీరు ఓడిపోయారు!'

"అది రోజు గట్లనే ఒర్లుతది సారు. దానికేం తెల్వదు" అని చెన్నమ్మ దాన్ని ఒక్క వేలితో పక్కకు నెట్టేసింది. "నావి నిండినయ్, సూసినవు గద?"

చూశాను. నిండితే ఓడినట్టు. ఆ నియమం రాసింది నేను. కడవ నిండితే, గాదె నిండితే, చేతులు నిండితే సంతోషపడే ఇళ్ళలో పుట్టి, నిండితే ఓటమి అని తెలుగులో రాశాను. ఐదుగురం బల్లచుట్టూ కూర్చుని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు చెన్నమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే కంగారుపడుతుందని పల్లికాయలు తెంపడానికి కూర్చున్నాను. ఒక గంపైనా నిండకముందే నడుం పట్టేసి లేచాను. ఆ విషయం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటున్నారని స్వప్న చెప్పింది.

"పోయొస్తానండి" అని ఈసారి ఎవరూ చెప్పకుండానే అన్నాను.

మళ్ళీ హైదరాబాదు

మేనేజరు అంతా విని, "ఓడిపోవడాన్ని గెలవడం అని మార్చడమేనా మీరు కనిపెట్టింది?" అన్నాడు. అంతేనన్నాను. నెల రోజులు గడువు ఇచ్చాడు. చప్పుడు తీసేశాం. మూడు కలిస్తే గాజులు పగలవు, తిరిగి పైకి పోతాయి. కర్రల బదులు చేతులు పెట్టాం. చేతులు నిండితే గెలిచినట్టు. 'నిష్క్రమించు' తీసేసి 'పోయొస్త' అని రాశాం. వంశీ ఈసారి గాజులు పగలగొట్టకుండా, కాబోయే భార్య చేతులు కదిపి గలగలలు రికార్డు చేసుకొచ్చాడు. ఆ రికార్డింగు అవసరానికన్నా చాలా పొడుగ్గా వచ్చింది.

సుధకు ఇచ్చాను. ఈసారి కూర మాడేదాకా ఆడింది.

"ఇప్పుడు పగలడం లేదే?" అంది.

"అందుకా నువ్వు ఆపేసింది? మరి అప్పుడే చెప్పలేదేం?"

"బావుందా అని అడిగావు. నీ ముఖం చూసి బావుందన్నాను. ఎందుకు ఆపేశావని అడిగావా?"

అడగలేదు. అదే ప్రశ్న పట్టుకుని మూడు ఊళ్ళు తిరిగాను గాని, వంటింటి దాకా వెళ్ళలేదు.

నెల తిరిగింది. దించుకున్నవాళ్ళలో చాలామంది మళ్ళీ మళ్ళీ వచ్చి ఆడుతున్నారు. ఆట నిలిచింది, మేం ఐదుగురం నిలిచాం, వంశీ పెళ్ళి నిలిచింది. ఆ కబురు తెలిసిన సాయంత్రమే కోడేరు నుంచి ఫోన్ వచ్చింది.

"సారు, గీ ఆటకు ఏమైంది? మొన్నటి దాక ఓడినవ్ ఓడినవ్ అని ఒర్లేది. ఇయ్యాల స్వప్న ఏదో కొత్తది ఎక్కిచ్చింది, గెలిచినవంటున్నది, పూలు సల్లుతున్నది."

"మీరు గెలిచారు చెన్నమ్మగారూ!"

"నేనేడ గెలిచిన? నేను ఎప్పటిలెక్కనే ఆడిన." కొంచెంసేపు పల్లికాయ ఒలిచిన చప్పుడు వినిపించింది. "నువ్వే సారు, ఒకటో తరగతి పాసైనట్టున్నవ్."